తాళం వేశాం, గొళ్ళెం మరిచాం: బీటెక్ సైబర్ సెక్యూరిటీ సబ్జెక్ట్ రివ్యూ

నమస్తే అండి. ఈసారి ఫోన్ రివ్యూ కాదు, ఇయర్‌ఫోన్స్ రివ్యూ కాదు. ఒక సబ్జెక్ట్‌కి రివ్యూ చేస్తున్నాను. బీటెక్‌లో మనం సీఎన్ఎస్ అని పిలుచుకుంటామే, క్రిప్టోగ్రఫీ అండ్ నెట్‌వర్క్ సెక్యూరిటీ, అది. దానితో పాటు వచ్చే ల్యాబ్ కూడా.

ఇప్పుడే ఎందుకంటే వెబ్ ఆప్షన్లు పెట్టే సీజన్ కదా. "అన్నా, మామూలు సీఎస్ఈ తీసుకోవాలా, సైబర్ సెక్యూరిటీ బ్రాంచ్ తీసుకోవాలా" అని మా ఊళ్ళో తమ్ముళ్ళు నన్ను పట్టుకుంటున్నారు. నేను చదివింది మామూలు సీఎస్ఈ. సైబర్ సెక్యూరిటీ అంటే నాకు కాలేజీలో దొరికింది ఈ ఒక్క సబ్జెక్టే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సాక్‌లో, అంటే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్నాను. సాక్ అంటే కాళ్ళకి వేసుకునేది కాదని మా అమ్మకి అర్థమవడానికి నెల పట్టింది. ఈ వీడియోకి స్పాన్సర్ లేడు, మా కాలేజీ పేరు చెప్పను. సరే, మొదలుపెడదాం.

మొదటి యూనిట్ మొత్తం పాత సైఫర్లు, అంటే సందేశాన్ని వేరేవాళ్ళకి అర్థం కాకుండా మార్చే పద్ధతులు. సీజర్ సైఫర్ అంటే ప్రతి అక్షరాన్నీ మూడు స్థానాలు ముందుకి జరపడం. రెండు వేల ఏళ్ళ నాటి టెక్నిక్. తర్వాత ప్లేఫెయిర్, అయిదు అయిదుల గడి గీసుకుని ఐ, జే రెండింటినీ ఒకే గదిలో కుక్కడం. తర్వాత హిల్ సైఫర్, మ్యాట్రిక్స్ ఇన్వర్స్. మార్కులకి బంగారం, ఎందుకంటే లెక్క తప్పకపోతే పదికి పది పడతాయి. ఇంతకుమించి వీటి గురించి చెప్పడానికి నా దగ్గరేం లేదు.

రెండో యూనిట్‌లో డెస్, ఇది కంప్యూటర్ల కోసం చేసిన సైఫర్. పదహారు రౌండ్ల బొమ్మ గీయాలి. మా సెక్షన్‌లో ఒకమ్మాయి ఆ బొమ్మని స్కేలు లేకుండా గీసేది, అంత ప్రాక్టీసు. తమాషా ఏంటంటే ఈ డెస్ 1977 నాటిది, కీ, అంటే తాళంచెవిలాంటి రహస్య సంఖ్య, దాని పొడవు 56 బిట్లే. 1998లో అమెరికాలో ఈఎఫ్ఎఫ్ అనే సంస్థ దీని కోసమే ఒక మెషిన్ తయారు చేసి, సాధ్యమైన కీలన్నీ వరసగా వేసి చూస్తూ, మూడు రోజుల్లోపే పగలగొట్టింది. దాని స్థానంలో 2001లో ఏఈఎస్ వచ్చింది. ఈ కథ క్లాసులో రెండు నిమిషాలు చెప్పినా "ఓహో, అందుకా కీ పొడవు ముఖ్యం" అని తలకెక్కేది. మాకు బొమ్మ మాత్రమే మిగిలింది.

ఇక ఆర్ఎస్ఏ, తాళం వేయడానికి ఒక కీ, తీయడానికి ఇంకో కీ ఉండే పద్ధతి. ఇక్కడ మాత్రం నేను సిలబస్ తరఫున వాదిస్తాను. చాలామంది "ఈ లెక్కలెందుకు, టూల్స్ నేర్పండి" అంటారు. నేనూ అన్నాను. ఇప్పుడు అనను. ఎందుకో స్క్రీన్ మీద చూడండి.

రెండు ప్రైమ్ నంబర్లు తీసుకుందాం. 3, 11. గుణిస్తే 33. ఇప్పుడు రెండిట్లోంచీ ఒక్కొక్కటి తగ్గించి గుణించండి. 2 ఇంటూ 10, మొత్తం 20. ఈ 20తో ఉమ్మడి కారణాంకం లేని ఒక సంఖ్య కావాలి, 7 అనుకుందాం. 33, 7. ఈ రెండూ ఊరందరికీ చెప్పేయొచ్చు, ఇదే పబ్లిక్ కీ. ప్రైవేట్ కీ కోసం, 7తో గుణించి 20తో భాగిస్తే శేషం 1 రావాలి. 3 సరిపోతుంది, ఏడు మూళ్ళు ఇరవై ఒకటి కదా. ఈ 3 మాత్రం నా జేబులోనే ఉంటుంది.

మీరు నాకు 2 అనే సంఖ్యని రహస్యంగా పంపాలి. ఏడు 2లని ఒకదానితో ఒకటి గుణించండి, 128. 33తో భాగిస్తే శేషం 29. మీరు 29 పంపుతారు. దారిలో ఎవరు చూసినా వాళ్ళకి కనిపించేది 29. నేను మూడు 29లని ఒకదానితో ఒకటి గుణించి 33తో భాగిస్తాను. శేషం ఎంత వస్తుందో కాలిక్యులేటర్ తీసి చూడండి. 2 వస్తుంది.

నాకు ఇది మొదటిసారి వచ్చినప్పుడు రాత్రి పదకొండైంది, హాస్టల్ రూమ్‌లో ఇంకోసారి చేశాను, మళ్ళీ వచ్చింది. దొంగకి 33 తెలుసు, 7 తెలుసు, 29 తెలుసు. వాడికి కావాల్సిందల్లా 33ని 3గా, 11గా విడగొట్టడం. 33 కాబట్టి మూడో క్లాసు పిల్లాడు కూడా విడగొడతాడు. అసలు ఆర్ఎస్ఏలో ఆ సంఖ్య 2048 బిట్లు, అంటే 617 అంకెలు. దాన్ని విడగొట్టే తేలిక దారి ఇప్పటి మామూలు కంప్యూటర్లకి ఇంతవరకూ దొరకలేదు. బలమంతా అక్కడే ఉంది. ఈ లెక్క చేత్తో చేసినవాడికి "ఎన్‌క్రిప్షన్" మంత్రంలా అనిపించదు. సొంతంగా యూట్యూబ్ చూసి నేర్చుకునేవాళ్ళు ముందు దాటేసేది దీన్నే. కాబట్టి ఈ యూనిట్‌కి నా మార్కులు పదికి తొమ్మిది. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానంటే, బ్రౌజర్‌లో కీ పంపేది ఆర్ఎస్ఏతోనే అని మా నోట్స్‌లో ఉంది. బ్రౌజర్‌కీ వెబ్‌సైట్‌కీ మధ్య మాటల్ని దాచే పద్ధతి టీఎల్ఎస్. 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3లో ఆ పనికి ఆర్ఎస్ఏని తీసేశారు, డిఫీ-హెల్మన్ అనే ఇంకో పద్ధతి పెట్టారు. సర్టిఫికెట్ల మీద సంతకాలకి మాత్రం ఆర్ఎస్ఏ ఇంకా నడుస్తోంది. మా నోట్స్ సీనియర్ల నోట్స్‌కి జిరాక్స్, వాళ్ళది వాళ్ళ సీనియర్లకి.

సరే, తాళం గురించి ఇంత చదివాం. మనకో సామెత ఉంది కదా, తాళం వేసితిమి, గొళ్ళెం మరిచితిమి అని. ఈ సబ్జెక్ట్ మీద నా కంప్లైంట్ అంతా ఆ సామెతలోనే ఉంది.

2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్, ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది ఫైళ్ళని దేనితో తాళం వేసింది? ఏఈఎస్‌తో. ఆ ఏఈఎస్ కీలని దేనితో దాచింది? ఆర్ఎస్ఏతో. అంటే మనం పరీక్షలో రాసిన తాళాలే, దొంగ వేశాడు. లోపలికి ఎలా వచ్చాడు? విండోస్‌లో ఫైల్ షేరింగ్ కోసం ఉండే పోర్ట్ 445, అంటే నెట్‌వర్క్ నుంచి లోపలికి వచ్చే ఒక ద్వారం, దాని దగ్గర ఒక లోపం. దానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే, ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, ఇచ్చింది. వేసుకోనివాళ్ళు దొరికిపోయారు. ఇక్కడ ఏ సైఫరూ బద్దలవలేదు, గొళ్ళెం తీసి ఉంది, అంతే.

ఇప్పుడు చెప్పండి, ఆ గొళ్ళెం ఏ సబ్జెక్ట్‌లో ఉంది? పోర్ట్ అంటే ఏంటో కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో ఉంది. ఆ సర్వీసు ఏ యూజర్ హక్కులతో నడుస్తుందో ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో ఉంది. ఆ రెండూ మనం పాస్ మార్కులకి చదివి వదిలేసినవి! నా మొదటి ఇంటర్వ్యూలో అడిగినవి టీసీపీ త్రీ వే హ్యాండ్‌షేక్, డీఎన్ఎస్ ఎలా పనిచేస్తుంది, లినక్స్‌లో ఫైల్ పర్మిషన్లు. హిల్ సైఫర్ ఊసే లేదు. ఇవాళ్టికీ షిఫ్ట్‌లో అలర్ట్ వస్తే నేను చూసేది ఏ ఐపీ నుంచి వచ్చింది, ఏ పోర్ట్‌కి, ఎవరి లాగిన్‌తో, ఎన్ని గంటలకి అని.

ల్యాబ్ సంగతికొద్దాం. రికార్డులో పన్నెండు ప్రోగ్రాములు, అన్నీ జావాలో. మేం సీనియర్ రికార్డు చూసి ఎక్కించాం. కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషిన్‌ని, నడిపే వర్చువల్‌బాక్స్ వేసుకుందామంటే ల్యాబ్ సిస్టమ్స్‌కి అడ్మిన్ పాస్‌వర్డ్ లేదు, ఆ పాస్‌వర్డ్ తెలిసిన ల్యాబ్ అసిస్టెంట్ మానేసి వెళ్ళిపోయాడు. సెక్యూరిటీ ల్యాబ్‌లో ఎవరికీ తెలియని పాస్‌వర్డ్. ఒకరకంగా చూస్తే అదే పర్ఫెక్ట్ సెక్యూరిటీ అనుకోండి.

ఒక్క క్లాసు మాత్రం మర్చిపోలేను. సిలబస్ అయిపోయాక ఒక రోజు మా సార్ తన సొంత ల్యాప్‌టాప్ తెచ్చి, నెట్‌వర్క్‌లో వెళ్ళే ప్యాకెట్లని చూపించే వైర్‌షార్క్ ఓపెన్ చేశారు. తనే తయారు చేసుకున్న చిన్న లాగిన్ పేజీ, మామూలు హెచ్‌టీటీపీ మీద. ఒక కుర్రాణ్ణి పిలిచి ఏదో ఒక పాస్‌వర్డ్ కొట్టమన్నారు. వాడు తెలివిగా స్క్రీన్‌కి చెయ్యి అడ్డుపెట్టి కొట్టాడు. సార్ ఏం మాట్లాడకుండా ఒక ప్యాకెట్ మీద క్లిక్ చేశారు. వాడు కొట్టిన పదం, అక్షరం పొల్లుపోకుండా, ప్రొజెక్టర్ మీద. అది ఎదురు బెంచీలో అమ్మాయి పేరు. క్లాసు గొల్లుమంది. తర్వాత అదే పేజీని హెచ్‌టీటీపీఎస్ మీద పెట్టి చూపించారు, ఈసారి ప్యాకెట్ నిండా చెత్త అక్షరాలు. ఆ ఇరవై నిమిషాలే మాకు నిజమైన ల్యాబ్. ఆ సార్‌కి ఆ సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు, పైగా పరీక్షల డ్యూటీ. ఆయన్ని తప్పుపట్టలేను.

మిగతాది నేను రూమ్‌లో నేర్చుకున్నాను. ఓవర్ ద వైర్ అనే సైట్‌లో బ్యాండిట్ అని ఒక ఆట ఉంది, ఫ్రీ. ఒక లెవెల్‌లో దొరికిన పాస్‌వర్డ్‌తో తర్వాతి లెవెల్‌లోకి లాగిన్ అవ్వాలి. మొదట్లోనే ఒక ఫైల్ వస్తుంది, దాని పేరు ఒక్క డాష్. అంతే, అడ్డగీత. మామూలుగా ఫైల్‌లో ఉన్నది చూపించే క్యాట్ కమాండ్ కొట్టి డాష్ పెడితే ఫైల్ తెరుచుకోదు, కర్సర్ మెరుస్తూ కూర్చుంటుంది. సాయంత్రమంతా పోయింది నాకు. డాష్ అంటే "నువ్వు కీబోర్డ్ మీద కొట్టేది చదువుతాను" అని ఆ కమాండ్ అనుకుంటోందని, ముందు డాట్, స్లాష్ పెడితే ఫైల్‌గా చూస్తుందని తెలిసేసరికి మెస్ మూసేశారు. కానీ లినక్స్ ఇన్‌పుట్‌ని ఎలా చూస్తుందో ఆ రోజు అర్థమైంది. ఇంకొంచెం మెల్లగా మొదలుపెట్టాలంటే కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళ పీకోసీటీఎఫ్ అనే ఇలాంటి ఆట ఉంది, అదీ ఫ్రీనే.

ఇక్కడ ఒక మాట, సీరియస్‌గా. మా బ్యాచ్‌లో ఒకడు ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్, అంటే లాగిన్ బాక్సులో డేటాబేస్ కమాండ్ కొట్టి సైట్‌ని బోల్తా కొట్టించడం, దాని గురించి ఎక్కడో చదివి, కాలేజీ అటెండెన్స్ పోర్టల్ లాగిన్‌లో ప్రయత్నించాడు. లోపలికి వెళ్ళాడు కూడా. ఏమీ మార్చలేదు, స్క్రీన్‌షాట్ తీసి గ్రూప్‌లో పెట్టాడు. రెండో రోజు వాళ్ళ నాన్న పనులు మానుకుని బస్సెక్కి వచ్చి, హెచ్ఓడీ రూమ్ బయట చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డారు. కేసు పెట్టలేదు కాబట్టి బతికిపోయాడు. అనుమతి లేకుండా వేరేవాళ్ళ సిస్టమ్‌లోకి వెళ్ళడం ఐటీ చట్టం, 2000లో సెక్షన్ 43 కిందకి వస్తుంది. మోసపూరితంగా చేశారని తేలితే సెక్షన్ 66, మూడేళ్ళ వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మా సిలబస్‌లో ఈ చట్టం చివరి యూనిట్‌లో చివరి టాపిక్, "ఇది రాదులే" అని వదిలేసిన టాపిక్. నన్నడిగితే మొదటి క్లాసులో చెప్పాల్సింది అదే. ప్రయోగాలు మీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషిన్ మీద చేయండి. డీవీడబ్ల్యూఏ అని కావాలనే లోపాలతో కట్టిన వెబ్‌సైట్ ఉంది, దాని మీద మీ ఇష్టం.

ఫిషింగ్‌కి, అంటే దొంగ మెసేజ్‌లతో మోసం చేయడానికి, మా నోట్స్‌లో రెండు లైన్లు. పోయిన నెల మా పిన్ని ఫోన్ చేసింది. "నాన్నా, బండికి చలానా పడిందని వాట్సాప్‌లో ఏదో వచ్చింది, నొక్కాను, ఎస్ఎంఎస్‌లు చూడనివ్వమని అడుగుతోంది, ఇవ్వమంటావా?" పిన్నికి అసలు బండే లేదు. అది ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్. పర్మిషన్ ఇస్తే ఓటీపీలన్నీ అవతలివాడికి చేరతాయి. "ముందు నెట్ ఆఫ్ చెయ్" అన్నాను. యాప్ తీయించాను. డబ్బు పోలేదు. పోయుంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనేవాణ్ణి. ఎంత తొందరగా చెబితే అంత సొమ్ము బ్యాంకుల్లో ఆపే అవకాశం ఉంటుంది. 1930 అనే నంబర్ మా సబ్జెక్ట్‌లో ఎక్కడా లేదు.

బ్రాంచ్ సంగతి. కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు బిల్డింగ్ చూడొద్దు. సైబర్ సెక్యూరిటీ చదువుతున్న థర్డ్ ఇయర్ కుర్రాణ్ణి పట్టుకుని ఒక్కటే అడగండి: "ల్యాబ్‌లో నీకంటూ ఒక వర్చువల్ మెషిన్ ఇస్తారా?" ఇస్తారంటే ఆ బ్రాంచ్ తీసుకోండి. నవ్వి ఊరుకుంటే మామూలు సీఎస్ఈలో చేరి, నెట్‌వర్క్స్, ఓఎస్ రెండూ గట్టిగా చదవండి.

చివరగా చిన్న లెక్క ఇస్తాను. నా పబ్లిక్ కీ 55, 3. మా ఫ్రెండ్ ఒకడు దాంతో ఒక సంఖ్యని దాచి నాకు పంపాడు, వచ్చింది 13. 55ని విడగొట్టండి, నా ప్రైవేట్ కీ బయటికి లాగండి, వాడు పంపిన అసలు సంఖ్య ఏంటో చెప్పండి. చేత్తో చేయాలి. నాకు షిఫ్ట్ టైమైంది, వస్తాను.