తొడ విరిగిన తరువాత దుర్యోధనుడు అడిగినది

శ్రోతలకు నమస్కారం.

మన చిత్తూరు ప్రాంతపు పల్లెల్లో ధర్మరాజుల గుడి ముందు భారతం జరగడం, పగలు హరికథ, రాత్రి వీధినాటకం సాగడం మీలో చాలామందికి చిన్ననాటి నుంచి తెలిసినదే. చివరినాడు మైదానంలో మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడు వెల్లకిలా పడుకొని ఉంటాడు. భీముని వేషధారి ఆ బొమ్మ చుట్టూ తిరిగి తిరిగి, చివరకు దాని తొడను గదతో పగలగొడతాడు. జనం కేకలు వేస్తారు. ఎనిమిదేళ్ల వయసులో నేనూ కేకలు వేశాను. ఇంటికి వచ్చే దారిలో మాత్రం, ఆ బొమ్మ మట్టిని పిడికెడు కొంగున కట్టుకొని నడుస్తున్న మా అవ్వను, తొడ మీద కొట్టవచ్చునా అని అడిగాను.

"కొట్టగూడదు నాయనా. అయినా కొట్టినాడు" అన్నది అవ్వ.

గదాయుద్ధంలో నాభికి దిగువన కొట్టరాదు. భీముడు కొట్టాడు. ఇద్దరికీ గద నేర్పిన బలరాముడే కోపం పట్టలేక నాగలి ఎత్తి భీముని మీదికి వెళ్లగా, కృష్ణుడు పట్టుకొని ఆపవలసి వచ్చింది. నేలకూలిన దుర్యోధనుడు చేతులు ఊని లేచి కృష్ణుణ్ణి నిలదీశాడు. శిఖండిని అడ్డం నిలిపి భీష్ముణ్ణి పడగొట్టించినది ఎవరు? అశ్వత్థామ చచ్చాడన్న మాటతో ద్రోణుని చేత ఆయుధం విడిపించినది ఎవరు? రథచక్రం ఎత్తుకుంటున్న కర్ణుణ్ణి కొట్టించినది ఎవరు? కృష్ణుడు బదులుగా అతని పాపాలను ఏకరువు పెట్టాడు. ధర్మయుద్ధంలో ఈ వీరులను గెలవడం మీకు సాధ్యమయ్యేది కాదని తరువాత పాండవులతోనే చెప్పాడు. వ్యాసభారతం శల్యపర్వంలో, పడినవాడు మాట ముగించగానే ఆకాశం నుంచి పూలవాన కురుస్తుంది, పాండవులు సిగ్గుపడతారు. ప్రతినాయకుని మీద పూలు కురిపించిన ఆ కవి ధైర్యం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కర్ణుని పుట్టుకను ఎత్తిపొడిచినవారితో, శూరులకూ నదులకూ పుట్టుక తెలియడం కష్టమన్నవాడు ఈ దుర్యోధనుడే. ద్రౌపదిని సభకు ఈడ్పించి, ఆమెకు తన తొడ చూపినవాడూ ఇతడే. ఆ పనికి శిక్ష పడవలసిందేనని నేనూ అంటాను. అయినా అతడు అడిగినవాటికి జవాబు నాకు దొరకలేదు.

భారతం ఆడించే పెద్దలకు నాది ఒక్కటే విన్నపం. ఈ మధ్య నేను చూసిన చోట్ల తొడ విరిగిన వెంటనే ద్రౌపది చేత కొప్పు ముడి వేయించి ముగించేస్తున్నారు. దుర్యోధన వేషధారిని ఆ ప్రశ్నలన్నీ అడగనివ్వండి. పది నిమిషాలు పడుతుంది. జనం నిలబడతారు, అగ్నిగుండం ఎలాగూ సాయంత్రమే కదా.