బ్రోచ్ కింద బతికిన గుడ్డముక్క

అందరికీ నమస్కారం.

ఇందాక మెట్లెక్కుతుంటే ఒకావిడ ఆపి, "కొమ్ముల టోపీ ఏదమ్మా?" అని అడిగారు. ఆ కొమ్ములు వైకింగులవి, అంటే వెయ్యేళ్ల కిందటి ఉత్తర ఐరోపా ఓడప్రయాణపు జనాలవి, కావండీ. 19వ శతాబ్దంలో రంగస్థలం వాళ్లు తగిలించినవి. నేను వేసుకున్నది వైకింగు ఆడవాళ్ల బట్ట. లోపల పొడుగు చేతుల లినెన్ చొక్కా, దానిమీద చేతుల్లేని ఉన్ని గౌను. భుజాల మీంచి వచ్చే పట్టీలను ముందువైపు పట్టుకునేవి ఈ రెండు బ్రోచ్‌లు, కోడిగుడ్డును నిలువునా కోసి బోర్లించినట్టు ఉంటాయి. మధ్యలో పూసలు. కుట్టంతా చేత్తోనే, నాలుగు నెలలు పట్టింది.

"అసలు వాళ్లు ఇలా వేసుకున్నారని ఎలా తెలుసు?" అంటారా? స్వీడన్‌లో మేలారెన్ సరస్సులో బియోర్కో అనే దీవి ఉంది. సుమారు 750 నుంచి 975 దాకా అక్కడ బిర్కా అనే వర్తకపట్నం ఉండేది. 1870లలో యాల్మర్ స్టోల్పె అనే ఆయన అక్కడికి వెళ్లింది అంబర్‌లో, అంటే రాయిలా గట్టిపడ్డ పాతకాలపు చెట్టుబంకలో, చిక్కుకున్న పురుగుల కోసం. తీరా ఆయన తవ్వింది సుమారు 1,100 సమాధులు. మట్టిలో బట్ట మిగలదు కదా. కానీ బ్రోచ్‌లు రాగి కలిసిన లోహం. ఆ చిలుము సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది. అందుకని బ్రోచ్ బోలులో, పిన్ను చుట్టూ, గోరంత గుడ్డముక్కలు నిలిచాయి: పట్టీ మడత, చొక్కా కుచ్చిళ్లు కొద్దిగా. ఆ గోరంత చూసే మనం మొత్తం గౌను ఊహిస్తున్నాం.

కింది భాగం సంగతి హెడెబీ కొంత చెప్పింది. ఇప్పుడు జర్మనీలో ఉన్న ఆ రేవులో, ఓడలకు తారు పూయడానికి వాడి పారేసిన పాత బట్టలు బురదలో దొరికాయి. ఒక ముక్కకి, మన జాకెట్టుకి పెట్టినట్టే, నిలువుగా డాట్ ఉంది, దానిమీద అల్లిన దారం కుట్టారు. మసిగుడ్డలే మనకి చరిత్ర చెప్పాయి, ఎవరు అనుకుంటారు!

కటింగ్‌లో మాత్రం గ్రీన్‌లాండ్ హెర్యోల్ఫ్స్‌నెస్‌లో 1921లో దొరికిన గౌన్లను చూశాను. అవి వైకింగుల తర్వాతి కాలానివి, ఆ సంగతి దాచను. వెడల్పు కావాలంటే త్రికోణపు ముక్కలు అతకడం, బట్ట వృథా కాకుండా ఒకదాని పక్కన ఒకటి తిరగేసి కత్తిరించడం వాటిలో నేర్చుకున్నదే.

కుట్టు చూడండి. ముందు రన్నింగ్ కుట్టు. తర్వాత లోపలి అంచుల్ని మడిచి పక్కకి పడుకోబెట్టి, సన్నగా చుట్టుకుట్టు. ఉన్ని గౌనుకి ఉన్ని దారమే, కొంచెం మైనం రాసి. మూర పొడవు కుట్టడానికి నాకు 20 నిమిషాలు. తొందరపడితే దారం ముడి పడుతుంది, టెన్షన్ మనకే.

పొరపాట్లూ చెప్పాలి. లినెన్‌ని నానబెట్టకుండా కత్తిరించాను. మొదటి ఉతుకులోనే చేతులు రెండంగుళాలు కురచ అయ్యాయి. ఇంకోసారి "నూరుశాతం ఉన్ని" అని ఆన్‌లైన్‌లో కొన్నాను. అనుమానం వచ్చి ఒక పోగు కాల్చాను. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అవ్వాలి. ఇది కరిగి నల్లటి పూసలా గట్టిపడింది. ఇప్పుడు మా పిల్లాడి బొంతకి అడుగున వేశాను.

ఇక రంగు. నీలానికి వాళ్లు ఓడ్ అనే ఆకు వాడేవారు. దానిలో ఉన్నది మన నీలిమందులోని రంగే. ఎరుపుకి మ్యాడర్ అనే మొక్క వేరు. ఇంగ్లండ్‌లోని యార్క్‌లో తవ్వినప్పుడు ఈ రెండు మొక్కల అవశేషాలూ దొరికాయి. మ్యాడర్‌లో ఎరుపునిచ్చే పదార్థం అలిజరిన్, మచిలీపట్నం కలంకారీ ఎరుపునిచ్చే చిరివేరులోనూ ఉంది. మొక్క వేరు, ఊరు వేరు, రంగు ఒకటే. ఈ పట్టీ ఎరుపు మ్యాడర్‌తో వేసింది. తర్వాతి దానికి చిరివేరు తెప్పించుకోవాలని ఉంది.

తేలనిది ఒకటుంది: గౌను ముందువైపు చీలి ఉండేదా, గొట్టంలా మూసి ఉండేదా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. నేను మూసే కుట్టాను, పని చేసుకోవడానికి అదే సుఖం. అయినా మనసు మారుతుందేమోనని ముందు కుట్టు మాత్రం కచ్చా కుట్టుతోనే ఆపాను. దగ్గరికొచ్చి చూసేవాళ్లు దయచేసి దారం లాగకండి.