ఉంగరపు వేలు

శ్రోతలకు నమస్కారం.

ఈ మధ్య హైదరాబాద్‌లో ఏ నిశ్చితార్థానికి వెళ్లినా అందరూ ఎదురుచూసేది ఒక్క ఘట్టం కోసమే. అమ్మాయీ అబ్బాయీ ఉంగరాలు మార్చుకుంటారు. ఫొటోగ్రాఫర్ "ఇంకోసారి" అంటాడు. మా నానమ్మ కాలంలో ఇంత హడావుడి లేదు. పెద్దవాళ్లు తాంబూలాలు పుచ్చుకుంటే సంబంధం ఖాయమైనట్టే. కానీ ప్రధానంలో అత్తవారు పెట్టే ఉంగరం అప్పుడూ ఉంది. పెళ్లిలో బిందెలో వేసి వధూవరుల చేత తీయించేది చాలా ఇళ్లలో ఆ ఉంగరాన్నే.

అశోకవనంలో హనుమంతుడు సీతమ్మ చేతిలో పెట్టిన ఆనవాలు రాముడి ఉంగరం. దుష్యంతుడికి శకుంతల గుర్తుకొచ్చింది ఉంగరం చూశాకే. ఎదుట లేని మనిషి తరఫున అది మాట్లాడుతుంది. నాకు ఉంగరంలో నచ్చే గుణం ఇదే.

రోమన్లకూ అది మాట ఇచ్చినదానికి గుర్తే. పెళ్లి కుదిరిన అమ్మాయికి రాయి కూడా లేని ఇనప ఉంగరం పంపేవారు. తన రోజుల్లోనూ ఆ ఆచారం ఉందని 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ రాశాడు. నాలుగో వేలి నుంచి ఒక సన్నని నరం నేరుగా గుండెకు పోతుందని కూడా పూర్వం నమ్మేవారు. శరీరశాస్త్రం ప్రకారం ఆ వేలికి అలాంటి ప్రత్యేకత ఏదీ లేదు. మనం అనామిక అనేది ఆ వేలినే. పూజలో దర్భ పవిత్రం పెట్టుకునేదీ దానికే.

ఇక వజ్రం. 1477లో ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్, బర్గండీ రాకుమారి మేరీకి వజ్రపుటుంగరం ఇచ్చాడని చరిత్ర చెబుతోంది. ఆ కాలంలో యూరప్‌కు వజ్రాలు వెళ్లింది ముఖ్యంగా మన దేశం నుంచే. తర్వాతి రోజుల్లో గోల్కొండ పేరే వజ్రానికి మారుపేరైంది. నిజానికి గోల్కొండలో గనులు లేవు. ఇక్కడ జరిగింది బేరం. కోట దగ్గరి కార్వాన్‌లో వ్యాపారులు ఉండేవారు. రాళ్లు దొరికింది కృష్ణ ఒడ్డున, ఇప్పటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు లాంటి చోట్ల. 17వ శతాబ్దంలో కొల్లూరు చూసిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే, అక్కడ దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవారట. గోల్కొండ వజ్రం అని గొప్పగా చెప్పుకునేటప్పుడు ఆ మట్టి తట్టలు కూడా గుర్తుకు రావాలని నా కోరిక.

1867 తర్వాత దక్షిణాఫ్రికాలో వజ్రాలు విరివిగా దొరికాయి. 1940ల చివర్లో వజ్రాల వ్యాపారం చేసే డి బీర్స్ కంపెనీ, వజ్రం శాశ్వతమంటూ ప్రకటన మొదలుపెట్టింది. నిశ్చితార్థానికి వజ్రం ఉండి తీరాలన్న పట్టింపు ఇంతగా పాకింది అలాంటి ప్రకటనల వల్లే. ఉంగరం కోసం అప్పు చేసి, ఈఎంఐల టెన్షన్‌తో కాపురం మొదలుపెట్టే పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది. పిల్లలూ, రాయి లేకపోయినా ఏ లోటూ లేదు.

మా నానమ్మ ప్రధానపు ఉంగరంలో రాయి లేదు. పెళ్లినాటికి వదులుగా ఉందని వెనకవైపు ఎర్ర దారం చుట్టారట. తర్వాత వేలు లావెక్కి, ఉంగరం కణుపు దాటి రాక, అరవై ఏళ్లు అక్కడే ఉండిపోయింది. అరిగి అరిగి సన్నబడింది. ఇప్పుడది మా చెల్లెలి వేలికి ఉంది. దానికీ వదులే. మొన్న అమ్మ కూర్చుని మళ్లీ దారం చుట్టింది.