చివరి నిమిషంలో యూరప్: పిల్లలతో తక్కువ ఖర్చులో వియన్నా, బుడాపెస్ట్

[తెరపై: గోడ క్యాలెండర్‌లో ఏప్రిల్ నెల. బల్ల మీద నాలుగు పాస్‌పోర్టులు.]

నమస్కారం. పరీక్షలు అయిపోయాయి, బడులకు సెలవులిచ్చేశారు. జూన్ రెండో వారంలో మళ్లీ బడి తెరిచేలోపు పిల్లలకు యూరప్ చూపించాలని ఇంట్లో ఇప్పుడే అనుకున్నారు. పది రోజుల్లో అయిదు దేశాలు తిప్పుతామనే ప్రకటనలు ఫోన్ నిండా కనిపిస్తూ ఉంటాయి. వాటిని కాసేపు పక్కన పెట్టండి. ఆలస్యంగా మొదలుపెట్టిన కుటుంబానికి ఆఫర్ల వేటలో మిగిలేది చాలా తక్కువ. ఊళ్ల సంఖ్య తగ్గించుకుని, వీసా అపాయింట్‌మెంట్ ఏ దేశానికి దొరుకుతుందో చూసి ఊరిని ఎంచుకుంటే అసలు డబ్బు మిగులుతుంది.

ఒకే ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ నుంచి అమ్మ, నాన్న, ఎనిమిదేళ్ల పాప, పదకొండేళ్ల బాబు. తొమ్మిది రాత్రులు. ఆస్ట్రియా రాజధాని వియన్నా, హంగరీ రాజధాని బుడాపెస్ట్. ఓపిక ఉంటే మధ్యలో ఒక పగలు స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా.

[మ్యాప్: డాన్యూబ్ నది, దాని వెంట మూడు చుక్కలు.]

మూడూ డాన్యూబ్ ఒడ్డునే ఉన్నాయి. వియన్నా నుంచి బ్రాటిస్లావాకు రైల్లో సుమారు గంట. బుడాపెస్ట్‌కు దాదాపు రెండు గంటల నలభై నిమిషాలు. ఊరికీ ఊరికీ మధ్య విమానం ఎక్కే పని లేదు కాబట్టి, చవక విమానాల్లో బ్యాగుకు విడిగా కట్టే డబ్బులు, ఊరికి దూరంగా ఉండే విమానాశ్రయాల నుంచి టాక్సీ ఖర్చులు ఉండవు.

మన సెలవులకు ఇంకో లాభం ఉంది. హంగరీలో బడులకు సెలవులు జూన్ మధ్యలో, ఆస్ట్రియాలో జులై దగ్గరపడ్డాక మొదలవుతాయి. అక్కడి కుటుంబాలు రోడ్డెక్కకముందే మనం తిరిగి వచ్చేస్తాం. అయితే క్రైస్తవుల పెంతెకోస్తు పండుగ తర్వాతి సోమవారం రెండు దేశాల్లోనూ సెలవు. మే, జూన్ నెలల్లో వచ్చే ఆ వారాంతంలో గదుల ధరలు పెరుగుతాయి. తేదీ చూసుకుని తప్పించండి.

[తెరపై: వీసా దరఖాస్తు ఫారం.]

ఇక వీసా. ఈ ప్రయాణంలో అన్నిటికంటే గట్టిగా కూర్చుని చేయాల్సిన పని ఇదే.

షెంగెన్ వీసా ఒక్కటే 29 యూరప్ దేశాలకు పనికొస్తుంది. కానీ దరఖాస్తు ఏ దేశానికి ఇవ్వాలన్నదానికి నియమం ఉంది. ఎక్కువ రాత్రులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే ఇవ్వాలి. సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి. ఆలస్యంగా బయలుదేరేవారికి ఈ నియమమే దారి చూపిస్తుంది. హోటల్ వెతకకముందే, విమాన ధరలు చూడకముందే, ఆస్ట్రియాకు, హంగరీకి అపాయింట్‌మెంట్లు ఏ తేదీన ఉన్నాయో చూడండి. ఆస్ట్రియాకు ముందు దొరికితే వియన్నాలో అయిదు రాత్రులు, బుడాపెస్ట్‌లో నాలుగు. హంగరీకి ముందు దొరికితే లెక్క తిరగేయండి. చూడాలనుకున్నవి రెండూ చూస్తారు, దరఖాస్తులో రాసిందీ చేసిందీ ఒకటే అవుతుంది. దొరికిన దేశానికి వీసా తీసుకుని అటు వెళ్లకుండా మరో దేశంలో గడిపే ఆలోచన మాత్రం వద్దు. సరిహద్దులో ప్రశ్నలు ఎదురవుతాయి, ముందుముందు వీసాకు అదే అడ్డు పడవచ్చు.

దరఖాస్తు మీద నిర్ణయానికి మామూలు గడువు 15 రోజులు. ఇంకా పరిశీలించాలనుకుంటే 45 రోజుల దాకా పట్టవచ్చు. అందుకే చేతిలో ఉన్న ఆరు వారాల్లో మొదటి వారం పూర్తిగా కాగితాలకే ఇవ్వండి. పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయినదై ఉండాలి. యూరప్ నుంచి వెనక్కి బయలుదేరే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. పిల్లల పాస్‌పోర్టులు అయిదేళ్లకే గడువు తీరతాయి, చాలా ఇళ్లలో ఇది ఎవరికీ గుర్తుండదు. కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ప్రయాణ బీమా తప్పనిసరి. పిల్లల జనన ధ్రువపత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఆఫీసు నుంచి సెలవు లేఖ సిద్ధం చేసుకోండి.

[తెరపై లెక్క: 90 + 90 + 45 + 45 = 270 యూరోలు.]

రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు వారికి ఏమీ లేదు. మన కుటుంబానికి 270 యూరోలు. దీనికి వీసా కేంద్రం సేవా రుసుము కలుస్తుంది. వీసా రాకపోయినా ఈ డబ్బు తిరిగి రాదు. స్లాట్ ఇప్పిస్తామంటూ వేలకు వేలు అడిగేవారి మాట నమ్మకండి. తొందరలో ఉన్నవారినే వారు వెతుక్కుంటారు.

వీసా చేతికి వచ్చేదాకా తిరిగి డబ్బు ఇవ్వని టికెట్ కొనవద్దు. ఈలోగా ధర కొంత పెరగవచ్చు. కానీ నాలుగు టికెట్ల డబ్బు మొత్తంగా పోవడంతో పోలిస్తే ఆ పెరుగుదల భరించదగినదే. గదులు కూడా ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవే బుక్ చేయండి. విమానం వెతికేటప్పుడు వియన్నాలో దిగి బుడాపెస్ట్ నుంచి తిరిగి వచ్చేలా చూడండి. ధర దాదాపు అంతే ఉంటే, రైల్లో వెనక్కి వచ్చే ఖర్చు, సగం రోజు రెండూ కలిసివస్తాయి. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి షెంగెన్ దేశాల ఊళ్లో విమానం మారితే ఇమిగ్రేషన్ అక్కడే జరుగుతుంది. 2025 అక్టోబరులో మొదలైన కొత్త పద్ధతిలో సరిహద్దు దగ్గర ఫొటో, వేలిముద్రలు తీసుకుంటున్నారు. వరుసలు పొడవుగా ఉండవచ్చు కాబట్టి రెండు విమానాల మధ్య మూడు గంటలైనా ఉంచుకోండి.

[తెరపై: వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంట్, పొయ్యి మీద గిన్నె.]

బసకు హోటల్ గది బదులు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. నలుగురు పూటపూటా బయట తింటే వియన్నాలో గది అద్దెను తిండి ఖర్చే మించిపోవచ్చు. పొద్దున ఉప్మా, రాత్రి పప్పన్నం ఇంట్లోనే, మధ్యాహ్నం ఒక్కపూట బయట. బియ్యం, కూరగాయలు అక్కడే కొనండి. ఆస్ట్రియాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలోవి తప్ప. శనివారం మధ్యాహ్నమే సరుకులు తెచ్చుకోండి.

సూట్‌కేసు సర్దేవారికి ఒక ముఖ్యమైన మాట. బయటి దేశాల ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తీసుకురావడాన్ని ఐరోపా సమాఖ్య నిషేధించింది. అమ్మమ్మ ప్రేమతో కట్టిచ్చిన చికెన్ పచ్చడి, నెయ్యి సీసా, పాలకోవా ఇంట్లోనే ఉంచాలి. కందిపొడి, చింతపండు పులిహోర పొడి, ఆవకాయ సర్దుకోండి. ఆవకాయను రెండు కవర్లలో చుట్టి చెక్-ఇన్ సామానులో పెట్టండి.

[దృశ్యం: వియన్నాలో ఎదురెదురుగా రెండు మ్యూజియంలు, మధ్యలో తోట.]

వియన్నా ఖరీదైన ఊరే. కానీ పిల్లలున్నవారి మీద దయగల ఊరు. ఆస్ట్రియా ప్రభుత్వ మ్యూజియంలలో 19 ఏళ్లలోపు వారికి టికెట్ లేదు, ఏ దేశం వారైనా సరే. పెద్దలిద్దరికి కొంటే చాలు. మీకు ఒక్కదానికే సమయం ఉంటే ప్రకృతి చరిత్ర మ్యూజియానికే వెళ్లమంటాను. డైనోసార్ల గదిలో పిల్లలు కదలరు. అక్కడే ఒక చిన్న గదిలో, మసక వెలుతురులో విల్లెన్‌డార్ఫ్ వీనస్ ఉంటుంది. 1908లో డాన్యూబ్ లోయలో దొరికిన సున్నపురాయి బొమ్మ. పొడవు పదకొండు సెంటీమీటర్లు, అరచేతిలో ఇమిడిపోతుంది. వయసు సుమారు 30 వేల ఏళ్లు. తల చుట్టూ వరుసలు వరుసలుగా చెక్కిన జడల్లాంటి గీతలను పిల్లలకు దగ్గరగా చూపించండి. రాతి పనిముట్లతో ఆ పని చేసిన మనిషి గురించి వాళ్లు అడిగే ప్రశ్నలకు మీ సాయంత్రం సరిపోతుంది. మంగళవారం ఈ మ్యూజియానికి సెలవు.

షోన్‌బ్రున్ రాజభవనం లోపలికి టికెట్ ఉంది, తోటలకు లేదు. గుట్ట మీది గ్లోరియెట్ మండపం దాకా నడిస్తే ఊరంతా కనిపిస్తుంది. డబ్బు చూసుకునేవారికి తోటలే చాలు. వేడి ఎక్కువైతే 21 కిలోమీటర్ల పొడవున్న డాన్యూబ్ దీవిలో ఈత కొట్టవచ్చు, దానికీ డబ్బు లేదు. నీళ్ల సీసాలు కొనకండి. 1873 నుంచి ఈ ఊరి కుళాయిలకు ఆల్ప్స్ పర్వతాల ఊటనీరే వస్తోంది.

[దృశ్యం: నది వెంట వెళ్తున్న పసుపు ట్రామ్.]

బుడాపెస్ట్‌లో ఖర్చు ఇంకా తగ్గుతుంది. పడవ షికారుకు డబ్బు పెట్టేముందు 2వ నంబరు ట్రామ్ ఎక్కండి. మామూలు టికెట్‌తోనే నది వెంట పార్లమెంటు భవనం, అవతలి గట్టున కోట కనిపిస్తాయి. వేడినీటి స్నానశాలల్లో పిల్లలకు వయసు పరిమితులున్నాయి, ముందే చూసుకోండి. పిల్లలకైతే మార్గరెట్ దీవిలోని పలాటినస్ ఈతకొలనులు మేలు.

హంగరీలో యూరో కాదు, ఫోరింట్ నడుస్తుంది. కార్డు యంత్రం రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే వద్దని ఫోరింట్ నొక్కండి. రూపాయి ఎంచుకుంటే మారకం రేటు ఆ యంత్రం నడిపేవారు నిర్ణయిస్తారు, నష్టం మనది.

ఆస్ట్రియాకు, హంగరీకి రెండింటికీ మే నెలలో అపాయింట్‌మెంట్ లేకపోతే చెక్ రిపబ్లిక్‌కు ఉందేమో చూడండి. దాని రాజధాని ప్రాగ్ నుంచి వియన్నాకు రైల్లో నాలుగు గంటలు. అదీ కుదరకపోతే ఎక్కువ డబ్బు పోసి జూన్‌లోకి తోసుకోవద్దు. దసరా సెలవులకు ఇప్పుడే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు.