జీడిమామిడిలో అసలు పండు ఏది?

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద ఒక మామిడిపండు, రెండు టమాటాలు, కొన్ని పనస తొనలు, పిక్కతో సహా ఒక జీడిమామిడి పండు, ఇంకా సీతాఫలం పువ్వులు పెట్టాను.

ముందు టమాటా పండా, కూరగాయా అన్నది తేల్చేద్దాం. వృక్షశాస్త్రానికి రుచితో పనిలేదు. పువ్వులో ఉండే అండాశయం, అంటే గింజలు తయారయ్యే భాగం, ఎదిగితే అది పండు, తియ్యగా ఉన్నా కారంగా ఉన్నా సరే. ఆ లెక్కన వంకాయ, మిరపకాయ, కాకరకాయ కూడా పండ్లే. అమెరికాలో ఈ గొడవ 1893లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, ఎందుకంటే అక్కడ దిగుమతి సుంకం కూరగాయలకి ఉంది, పండ్లకి లేదు. శాస్త్రం ప్రకారం పండే, కానీ జనం భోజనంలో కూరగాయలాగే తింటారు కాబట్టి సుంకం కట్టాల్సిందేనని కోర్టు తేల్చింది.

ఇప్పుడు మామిడి చూడండి. తొక్క, గుజ్జు, టెంక, ఈ మూడూ పండు గోడలోని మూడు పొరలు. విత్తనం టెంక లోపలున్న జీడి మాత్రమే. కొబ్బరికాయదీ ఇదే కట్టడం. మామిడిలో గుజ్జు ఉన్నచోట కొబ్బరికి పీచు ఉంటుంది, టెంక ఉన్నచోట చిప్ప ఉంటుంది. అంటే మామిడిలో మనం తినే పొరనే కొబ్బరిలో ఒలిచి పారేస్తాం, విత్తనం లోపలున్న కొబ్బరి తిని నీళ్ళు తాగుతాం. నాకు ఇది ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆశ్చర్యమే.

జీడిమామిడి సంగతి ఇంకా విచిత్రం. పలాస వైపు తోటల్లో చూసినవాళ్ళకి తెలుసు, ముందు పిక్క ఎదుగుతుంది, ఆ తర్వాతే పైన ఎర్రగానో పసుపుగానో పండు ఉబ్బుతుంది. అసలు పండు ఆ పిక్కే. రసం కారే భాగం పువ్వు కాడ, అందుకే దాన్ని అనృత ఫలం, అంటే అబద్ధపు పండు అంటాం.

ఇక పనస. పుస్తకంలో 'సంయుక్త ఫలం' అని చదివినప్పుడు నాకు ఏమీ ఎక్కలేదు. మా అమ్మ చేతులకి నూనె రాసుకుని కాయ కోస్తుంటే పక్కన కూర్చుని ఒక్కో తొనా తీసినప్పుడు అర్థమైంది. ఒక్కో తొన ఒక్కో పువ్వు! మనం తినేది పువ్వు చుట్టూ ఉండే తొడుగు, అసలు పండు దాని లోపలున్న పిక్క. తొనల మధ్య పీచు ఉంటుంది చూశారా, అవి గింజ కట్టని పువ్వులు. అంత పెద్ద కాయ ఒక పూలగుత్తి మొత్తం కలిసిపోయి అయింది.

సీతాఫలం దీనికి సరిగ్గా ఎదురు. అక్కడ పువ్వు ఒకటే, అండాశయాలు బోలెడు. మనం 'కళ్ళు విచ్చుకున్నాయి' అంటామే, ఆ కన్ను ఒక్కోటీ ఒక్కో అండాశయం. పుప్పొడి సరిగ్గా అందని వైపు కాయ ఎదగక సొట్టపడుతుంది. వంకరగా ఉన్న కాయ దొరికితే కోసి చూడండి, ఆ పక్కన గింజలు తక్కువుంటాయి.

పండ్లు రావడానికి ఇంకా టైముంది కానీ పూత ఉంది కదా. తలా ఒక పువ్వు తీసుకోండి. ఆ మూడు మందపాటి రెక్కలు మెల్లగా ఊడదీయండి. మధ్యలో చిన్న గుత్తి కనిపిస్తుంది, దాని నడినెత్తిన దగ్గరదగ్గరగా నిలబడ్డవే అండాశయాలు. లెక్కపెట్టండి, ఎన్నొచ్చాయో ఒక్కొక్కరూ చెప్పండి.