జేబు రేడియోలో చెన్నై, ఢాకా: నల్గొండ బత్తాయి తోట నుంచి ముచ్చట

హోస్ట్: నమస్తే, అందరూ బాగున్నారు కదా. ఈ వారం మనతో మాట్లాడే అన్నకు నల్గొండ దగ్గర బత్తాయి తోట ఉంది. పగలంతా తోట పని, రాత్రయితే అరచేతిలో పట్టే రేడియోలో దూరపు స్టేషన్లు వెతుకుతుంటాడు. ఎఫ్‌ఎం కాదు, మీడియం వేవ్, అంటే ఏఎం. అన్నా, ఫోన్‌లో ఏ దేశం రేడియో అయినా వస్తుంటే ఇదేం పని అని ఇంట్లో అడగరా?

గెస్ట్: రోజూ అడుగుతారు తమ్మీ. ఫోన్‌లో ఢాకా వచ్చిందంటే నెట్‌వర్క్ పనిచేస్తుందని అర్థం, అంతే. ఇందులో వచ్చిందంటే ఆకాశం పనిచేసింది, కొంచెం నా చెయ్యి కూడా పనిచేసింది. బంగ్లాదేశ్ బేతార్, అంటే వాళ్ళ ప్రభుత్వ రేడియో, ఢాకా 693 కిలోహెర్ట్జ్, ఇక్కడి నుంచి సుమారు 1,400 కిలోమీటర్లు ఉంటుంది. పగలు ఆ నంబరు మీద పెడితే ఉత్త బుస్సుమనే చప్పుడే. పొద్దుగూకినాక అదే నంబరు మీద బెంగాలీ వార్తలు మెల్లగా పైకి లేస్తాయి, మళ్ళీ మునుగుతాయి, మళ్ళీ లేస్తాయి.

హోస్ట్: పగలు రానిది రాత్రి ఎట్లా వస్తుంది మరి? స్టేషన్ అదే, రేడియో అదే కదా.

గెస్ట్: పైన 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో డీ పొర అని ఒకటి ఉంటుంది. ఎండ తగిలినంతసేపూ అది ఉండి, మీడియం వేవ్ తరంగాలు పైకి పోగానే మింగేస్తుంది. అందుకే పగలు నేల వెంబడి పాకుతూ వచ్చే సిగ్నలే మనకు దిక్కు, ఆకాశవాణి హైదరాబాద్ 738 లాంటివి. సూర్యుడు పోతే డీ పొర కరిగిపోతుంది, తరంగాలు ఇంకా పైన ఉన్న పొరలకు తగిలి కిందికి తిరిగొస్తాయి. ఆ పై పొరలు నిలకడగా ఉండవు, అందుకే గొంతు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చలికాలమైతే మస్తు. ఎండాకాలం చివర, వానల ముందు మాత్రం ఎక్కడో ఉరిమినా ఇక్కడ పటపటమంటది, ఇయర్‌ఫోన్ పీకి పక్కన పెట్టాల్సిందే.

హోస్ట్: ఇంత చిన్న రేడియోకి యాంటెన్నా ఎక్కడుంది? బయటికి తీగ కూడా లేదు.

గెస్ట్: లోపల ఉంది. విప్పి చూస్తే నల్లటి ఫెర్రైట్ కడ్డీ, అంటే అయస్కాంత గుణమున్న కడ్డీ, దాని మీద సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది. మన పాత ఫిలిప్స్, మర్ఫీ సెట్లలో జానెడు కడ్డీ ఉండేది, ఇందులో వేలంత కూడా ఉండదు. అసలు కిటుకు ఆ కడ్డీలోనే ఉంది. కడ్డీ పక్కభాగం స్టేషన్ వైపు ఉంటే సిగ్నల్ బాగా వస్తుంది. కడ్డీ కొస స్టేషన్ వైపు పెట్టావనుకో, దాదాపు మాయమైపోతుంది. కాబట్టి రేడియోను అటూ ఇటూ తిప్పితే వద్దనుకున్న స్టేషన్‌ను నొక్కేసి కావాల్సినదాన్ని పైకి తేవచ్చు.

హోస్ట్: ఒక ఉదాహరణ చెప్పు అన్నా, మన దగ్గరిదే.

గెస్ట్: చెన్నై 720, హైదరాబాద్ 738. రెండూ దగ్గరదగ్గరే. హైదరాబాద్ మనకు వంద కిలోమీటర్లు కూడా లేదు, 200 కిలోవాట్ల స్టేషన్, చిన్న రేడియోలో ఆ చుట్టుపక్కల నంబర్లన్నిటి మీదా పొర్లుతుంది. ఇప్పుడు మన నల్గొండ ఎక్కడుంది? హైదరాబాద్ నుంచి విజయవాడకు గీత గీస్తే దాదాపు ఆ గీత మీద. అందుకని రేడియో పొడుగును ఆ గీత వెంబడి పెడతాను, ఒక కొస చౌటుప్పల్ వైపు, ఒక కొస విజయవాడ వైపు. హైదరాబాద్ చప్పబడుతుంది, చెన్నై దక్షిణాన ఉంది కాబట్టి తమిళం బయటికొస్తుంది. విజయవాడ 837 కూడా పడిపోతుంది అనుకో, అది వేరే నంబరు, మనకు నష్టం లేదు.

హోస్ట్: మాది దేవరకొండ కదా, నేనూ అదే చేస్తే?

గెస్ట్: నీకు కాదు! (నవ్వు) దేవరకొండ నుంచి చూస్తే హైదరాబాద్ ఒక పక్క, చెన్నై దాదాపు దానికి ఎదురు పక్క. కడ్డీకి రెండు కొసలూ ఒకటే, ముందు వెనక తేడా తెలియదు. హైదరాబాద్‌ను నొక్కితే చెన్నైని కూడా నొక్కినట్టే. అదే మహబూబ్‌నగర్ పో, మళ్ళీ దిక్కులు మారుతాయి, అక్కడ పని జరుగుతుంది. యాభై అరవై కిలోమీటర్లు జరిగితే ఆట మొత్తం మారిపోతుంది తమ్మీ, నాకు ఇందులో పిచ్చి పట్టింది ఇందుకే.

హోస్ట్: మా ఇంట్లో ఏఎం పెడితే ఒకటే రొద అన్నా. పాటకన్నా గరగర ఎక్కువ.

గెస్ట్: ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్, టీవీ. అన్నీ ఏఎం మీద చెత్త పోస్తాయి. రేడియో తప్పు కాదది. డాబా మీదికి పోయినా పెద్ద లాభం లేదు, ఊళ్ళో తీగలన్నీ అక్కడే ఉంటాయి. తోటలోకి పోయి, బోరు మోటరు స్టార్టర్ డబ్బాకు దూరంగా కూర్చుంటే తేడా తెలుస్తుంది. ఇంకో సంగతి చెప్తా. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది, అంతకుముందు త్రీఫేజు రాత్రిపూట ఎప్పుడిస్తే అప్పుడు. బాయికాడ మంచం వేసుకొని కరెంటు కోసం ఎదురుచూసేవాళ్ళం, తలకాడ రేడియో ఉండేది. కరెంటు లేనప్పుడు రేడియో ఎంత శుభ్రంగా వచ్చేదో, ఫేజు రాగానే గుయ్‌మనేది. రేడియోలో రొద మొదలైందంటే మోటరు వేయడానికి లేచేవాళ్ళం, బల్బు చూసే పనే లేదు.

హోస్ట్: (నవ్వు) బాగుంది. ఈ చిన్న రేడియోల సరదా బయట దేశాల్లో కూడా ఉందంటావా?

గెస్ట్: ఉంది, గట్టిగా ఉంది. 2007, 2008 ప్రాంతంలో అమెరికాలో కొందరు పెద్ద సెట్లు పక్కన పెట్టి సోనీ ఎస్‌ఆర్‌ఎఫ్-59 అనే జేబు రేడియోతో మొదలుపెట్టారు. స్పీకర్ ఉండదు, ఇయర్‌ఫోనే, ఒక్క పెన్సిల్ సెల్లు. దానికి అన్నలాంటిది ఎస్‌ఆర్‌ఎఫ్-39ఎఫ్‌పీ, అక్కడ జైళ్ళలో ఖైదీలకు అమ్మేవారు, లోపల ఏమీ దాచకుండా ఒళ్ళంతా పారదర్శక ప్లాస్టిక్. ఇట్లాంటి చిన్నవాటితోనే పసిఫిక్ ఒడ్డున కూర్చొని జపాన్ పట్టేవారు, అక్కడి అకితా అనే ఊళ్ళోని 774 స్టేషన్ లాంటివి. అయితే వాళ్ళకు ఒక అదృష్టం ఉంది. అమెరికాలో స్టేషన్ల మధ్య దూరం 10 కిలోహెర్ట్జ్, 770, 780 అట్లా. జపాన్‌లో మనలాగే 9. అందుకని 774 వాళ్ళ స్టేషన్ల సందులో పడుతుంది. మనకు ఆ సందులు లేవు, మన చుట్టూ ఉన్న దేశాలన్నీ 9 లెక్కే, అందరూ ఒకే వరుసలో ఒకరి మీద ఒకరు. ఇక్కడ శ్రీలంక 882 వినడమే కష్టపడి సంపాదించినట్టు.

హోస్ట్: కొత్తగా కొనేవాళ్ళకు ఏం చెప్తావు?

గెస్ట్: టెక్సన్ పీఎల్-380 లాంటి డీఎస్‌పీ చిప్పు రేడియో, అంటే సిగ్నల్‌ను అంకెలుగా మార్చి వడగట్టేది, దొరికితే మంచిదే, పక్క స్టేషన్లను బాగా విడదీస్తుంది. కొనగానే ట్యూనింగ్ స్టెప్, అంటే నంబరు ఒక్కోసారి ఎంత జరుగుతుందో, అది 9లో ఉందో 10లో ఉందో చూసుకోవాలి. 10లో ఉంటే 738కి బదులు 740 చూపిస్తుంది, రేడియో పాడైందని దుకాణానికి పరిగెత్తుతారు. పాత ముల్లు రేడియో ఇంట్లో ఉంటే డబ్బులే పెట్టొద్దు. చెక్క ఫ్రేమ్ మీద పది పదిహేను చుట్లు తీగ చుట్టి గ్యాంగ్ కండెన్సర్, అంటే పాత రేడియోల్లో స్టేషన్ మార్చడానికి తిరిగే భాగం, కలిపి, రేడియోను పక్కన ఆనించు చాలు, ఏ వైరూ కలపక్కర్లేదు. కండెన్సర్ తిప్పుతుంటే ఒకచోట స్టేషన్ అమాంతం పైకి లేస్తుంది.

హోస్ట్: వనపర్తి నుంచి ఒక చెల్లె అడిగింది, ఫోన్‌లో ఉన్న రేడియోతో ఇది కుదురుతుందా అని.

గెస్ట్: కుదరదమ్మా. ఫోన్లలో ఉన్నది ఎఫ్‌ఎమ్మే, అది కూడా ఇయర్‌ఫోన్ తీగనే యాంటెన్నాగా వాడుకుంటుంది. ఇంట్లో తాతది పాతది ఏదైనా ఉందేమో అటక మీద చూడు. సెల్లు కారి స్ప్రింగులకు పచ్చగా పట్టి ఉంటే వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి, బాగా ఆరనిచ్చి, అప్పుడు కొత్త సెల్లు వెయ్యి. ముందు పగటి పూట 738 వినిపిస్తుందో లేదో చూసుకో. అది వస్తే రేడియో బాగున్నట్టే, రాత్రి సంగతి తర్వాత.