డౌటు పెట్టి నాలుగు రోజులాయె, ఒక్కరూ పలకలేదు

(ఫోన్-ఇన్ కార్యక్రమం, తిరుపతి స్టూడియో. విషయం: ఆన్‌లైన్ కోర్సుల్లో డౌట్లు, చర్చలు)

యాంకర్: నమస్కారం. ఆన్‌లైన్ కోర్సులు తయారుచేసే మేడమ్, వాటి సాంకేతిక వ్యవహారాలు చూసే సార్ ఇద్దరూ ఇవాళ మనతో ఉన్నారు. మొదటి కాల్ పుత్తూరు నుంచి. చెప్పండి.

శ్రోత (పుత్తూరు): నమస్తే మేడమ్. బీటెక్ మూడో సంవత్సరం. పైథాన్ కోర్సు చేస్తా ఉండాను. కోర్సు ఫోరంలో, అదే అందరూ డౌట్లు అడిగే చర్చా పేజీలో, డౌటు పెట్టి నాలుగు రోజులాయె, ఒక్కరూ పలకలేదు.

మేడమ్: ఏమని పెట్టినావు నాయనా? ఉన్నదున్నట్టు చదువు.

శ్రోత: "కోడ్ నాట్ వర్కింగ్, ప్లీజ్ హెల్ప్, అర్జెంట్." కింద ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫోటో.

మేడమ్: చూసినవాళ్ళు ఉండే ఉంటారు. పట్టుకునేదానికి కొస దొరక్క వెళ్ళిపోయి ఉంటారు. టైటిల్ చూస్తే ఏ వారం పాఠమో తెలీదు. ఫోటోలోని కోడును కాపీ చేసి నడిపి చూడలేరు. సాయం చేద్దామనుకున్నవాడు నీ కోడంతా మళ్ళీ టైపు చేయాల. ఎవరు చేస్తారు చెప్పు? సరే, ఏం ఎర్రర్ వస్తోంది?

శ్రోత: ఇండెక్స్ ఎర్రర్. లిస్ట్ ఇండెక్స్ అవుట్ ఆఫ్ రేంజ్ అంటాంది.

మేడమ్: లిస్టులో ఎన్ని ఉన్నాయి?

శ్రోత: ఐదు.

మేడమ్: లూప్ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?

శ్రోత: 1 నుంచి 5 దాకా.

మేడమ్: జవాబు నేను చెప్పను, ప్రశ్న ఎట్లా పెట్టాలో చెప్తా. టైటిల్‌లో వారం, లెక్చర్, ఎర్రర్ పేరు. "మూడో వారం, రెండో లెక్చర్: 5 అంశాల లిస్టుకు ఇండెక్స్ ఎర్రర్" అన్నట్టు. కింద నాలుగు ముక్కలు: ఏం చేయాలనుకున్నావు, ఏం ఇన్‌పుట్ ఇచ్చావు, ఏం వస్తుందనుకున్నావు, ఏం వచ్చింది. ఎర్రర్ సందేశంలో చివరి లైను అక్షరం మార్చకుండా పెట్టు. తర్వాత కోడు, 15 లైన్లు దాటకుండా. పెద్ద ప్రోగ్రామయితే తప్పు వచ్చే భాగం మాత్రం మిగిలేదాకా కోసుకుంటూ రా. చానాసార్లు ఆ కోతలోనే తప్పు బయటపడుతుంది.

సార్: పైథాన్‌లో లైను ముందు ఖాళీలకు అర్థం ఉంది బాబూ. మెయిల్‌లో అతికిస్తే అవి చెదిరిపోవచ్చు. పోస్టు చేశాక తెరిచి సరిచూసుకో. ఇంకో సంగతి. అది మార్కులున్న అసైన్‌మెంట్ అయితే గడువుకు ముందు ఆ కోడు పెట్టకూడదు, ఆనర్ కోడ్ (కోర్సులో నిజాయితీ నియమాలు) ఒప్పుకోదు. అదే ఎర్రర్ వచ్చే చిన్న ఉదాహరణ సొంతంగా రాసి అడుగు.

మేడమ్: రెండు రోజులు చూడు. అప్పటికీ పలక్కపోతే అదే పోస్టు కింద కొత్తగా ఏం ప్రయత్నించావో రాయి, మళ్ళీ పైకొస్తుంది. ఒకే ప్రశ్న మూడు చోట్ల పెట్టావంటే చెప్పేవాళ్ళకు విసుగొస్తుంది.

యాంకర్: చిత్తూరు నుంచి టీచరమ్మ లైన్లో ఉన్నారు.

శ్రోత (చిత్తూరు): కోర్సులో చేరినప్పటి నుంచి దాని చర్చల గ్రూపు పంపే మెయిళ్ళు రోజుకు 50, 60 సార్. బడి మెయిళ్ళు అందులో మునిగిపోతా ఉండాయి. గ్రూపులోంచి బయటికొచ్చేద్దామా?

సార్: రావద్దమ్మా. మీ చర్చ గూగుల్ గ్రూప్‌లో నడుస్తోంటే బ్రౌజర్‌లో గూగుల్ గ్రూప్స్ తెరిచి మీ కోర్సు గ్రూపులోకి వెళ్ళండి. ఎడమ పక్క "మై మెంబర్‌షిప్ సెట్టింగ్స్" ఉంటుంది. అందులో సబ్‌స్క్రిప్షన్ దగ్గర నాలుగు రకాలు. "ఈచ్ ఈమెయిల్" అంటే ప్రతిదీ వస్తుంది, మీకిప్పుడు ఉన్నది అదే. "డైజెస్ట్" పెడితే 25 సందేశాల దాకా ఒకే మెయిల్‌లో కట్టగట్టి పంపుతుంది. "అబ్రిడ్జ్‌డ్" రోజుకొక సారాంశం. "నో ఈమెయిల్" పెడితే ఏమీ రావు, మనమే వెళ్ళి చదువుకోవాలి. మీకు డైజెస్ట్ సరిపోతుంది. ప్రకటనలకు వేరే గ్రూపు ఉంటే మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. మీది ఎన్‌పీటెల్ (ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక) కోర్సయితే, చేరడం ఉచితమే గానీ పరీక్షకు విడిగా నమోదు చేసుకోవాలి. ఆ తేదీలు తెలిసేది ప్రకటనల ద్వారానే.

యాంకర్: నాకూ పనికొచ్చేట్టుంది ఇది! పలమనేరు నుంచి డిగ్రీ అమ్మాయి.

శ్రోత (పలమనేరు): నాది తెలుగు మీడియం మేడమ్. ఇంగ్లీషులో రాయాలంటే భయం. ఊరికే చదువుకుంటా ఉంటాను. అట్లా చదివితే లాభం ఉంటాదా?

మేడమ్: ఉంటుంది తల్లీ, చదివే పద్ధతిని బట్టి. నెట్ సమూహాల్లో నూటికి 90 మంది చదివేవాళ్ళే, 9 మంది అప్పుడప్పుడు రాస్తారు, తెగ రాసేది ఒక్కరే అని వెబ్‌సైట్ల వాడకంపై పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 2006లో ఒక ఉజ్జాయింపు లెక్క చెప్పాడు. కాబట్టి నువ్వు ఒంటరివేం కాదు. ప్రశ్న తెరిచాక జవాబుల్లోకి దిగకముందే నోటుబుక్కులో నీ జవాబు రెండు లైన్లు రాసుకో. తర్వాత పోల్చి చూడు. అట్లా చేయకపోతే అన్నీ మనకు తెలిసినట్టే ఉంటాయి, పరీక్ష హాల్లో చేయి ఆడదు.

ఇంగ్లీషుకు నాలుగు పొట్టి వాక్యాలు చాలు: ఇది చేశాను, ఇది వచ్చింది, అది రావాలనుకున్నాను, తేడా ఎందుకు? వ్యాకరణం ఎవరూ దిద్దరు. తెలుగులో రాసి మెషిన్‌తో మార్చుకున్నా తప్పులేదు. పాఠంలోని మాటలు మాత్రం ఇంగ్లీషువే ఉంచు. స్టాటిస్టిక్స్‌లో వచ్చే వేరియెన్స్ అనే మాటను తెలుగు చేసి మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పితే ఇంకేదో మాటై కూర్చుంటుంది. మొదటిసారి ప్రశ్నే అడగాలని లేదు. "నాకూ అదే వచ్చింది, 4 బదులు 5 ఇస్తే రాలేదు" అని ఇంకొకరి పోస్టు కింద రాయి. జవాబు వెతికేవాడికి ఆ ఒక్క లైను ఎంతో ఆధారం.

యాంకర్: చంద్రగిరి నుంచి ఎకనామిక్స్ లెక్చరర్.

శ్రోత (చంద్రగిరి): మా పిల్లలు 60 మంది. వారానికొక పోస్టు, రెండు రిప్లైలు రాస్తే 5 మార్కులన్నాము. అంతా "నైస్ పాయింట్, ఐ అగ్రీ" అని రాసి పోతా ఉండారు.

మేడమ్: ఏం ప్రశ్న ఇచ్చారు సార్?

శ్రోత: డిమాండ్ సూత్రాన్ని వివరించండి అని.

మేడమ్: దానికి 60 మందీ ఒకే జవాబు రాస్తారు. అందులో ఒప్పుకోవడం తప్ప ఏముంది? జవాబు ఒక్కటే ఉండే ప్రశ్నను చర్చకు పెట్టకూడదు. మన దగ్గర తోతాపురి మామిడి పంట ఉంది కదా. "సీజన్‌లో కాయంతా ఒక్కసారే దిగితే రైతుకు ధర పడిపోతుంది. మీ మండలంలో ఒక పల్ప్ ఫ్యాక్టరీ మూతపడితే ఏమవుతుంది, ఇంకొకటి కొత్తగా వస్తే ఏమవుతుంది? రైతు పక్షానో ఫ్యాక్టరీ పక్షానో నిలబడి చెప్పండి" అనండి. అప్పుడు పక్షాలు ఏర్పడతాయి.

60 మందిని ఒకే చోట వదలొద్దు. పన్నెండేసి మందిని అయిదు గుంపులు చేయండి. మొదటి పోస్టుకు బుధవారం, రిప్లైలకు ఆదివారం అని రెండు గడువులు పెట్టండి. ఒకటే పెడితే అందరూ ఆదివారం రాత్రి వస్తారు, ఎవరి మాట ఎవరూ చదవరు. రిప్లైలో ఒక ప్రశ్నో, ఒక ఎదురు ఉదాహరణో ఉంటేనే మార్కు.

సార్: మీ కోర్సు నడిచేది మూడిల్ (కాలేజీలు ఆన్‌లైన్ కోర్సులకు వాడే సాఫ్ట్‌వేర్) మీద అయితే "క్యూ అండ్ ఏ" రకం ఫోరం ఎంచుకోండి. తను పోస్టు చేస్తేగానీ పక్కవాళ్ళవి కనపడవు. పోస్టు చేశాక కూడా దిద్దుబాటు గడువు ముగిసేదాకా ఆగాలి, మామూలుగా 30 నిమిషాలు. పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే సైటు చెడిపోయిందని మీకు ఫోన్లు మొదలవుతాయి.

శ్రోత: అన్నింటికీ నేనొక్కడే జవాబు చెప్పాలంటే ఎట్లా సార్?

సార్: చెప్పొద్దు. మీరు గబుక్కున చెప్పేస్తే అక్కడికి చర్చ ముగిసినట్టే. ఒక రోజు ఆగండి. తప్పు పాతుకుపోతోంటే దిగండి, వారాంతంలో నాలుగు లైన్లలో ముడి వేయండి. గడువు ఎప్పుడు, ఫైలు ఏ రూపంలో అనే మామూలు ప్రశ్నలకు ఒక పోస్టు రాసి పైన పిన్ చేయండి. అమెరికాలో జార్జియా టెక్‌లో అశోక్ గోయల్ 2016లో ఇట్లాంటి ప్రశ్నల కోసమే జిల్ వాట్సన్ అనే ఏఐ సహాయకురాలిని పెట్టారు. అక్కడ 300 మంది విద్యార్థుల నుంచి సెమిస్టర్‌కు పదివేల సందేశాలు వచ్చేవి. తన జవాబు సరైనదని 97 శాతం నమ్మకం ఉంటేనే అది జవాబిచ్చేది. మన పిల్లలు ఏఐ రాసిందాన్ని చూడకుండా అతికిస్తున్నారే, వాళ్ళకు ఆ జాగ్రత్త లేదు.

యాంకర్: కుప్పం నుంచి ఒక తండ్రి.

శ్రోత (కుప్పం): మావాడు ఎన్‌పీటెల్ కోర్సు చేస్తా, టెలిగ్రామ్‌లో వచ్చే జవాబులు చూసి అసైన్‌మెంట్లు నింపుతా ఉండాడు. పాసవుతాడా?

సార్: ఎన్‌పీటెల్‌లో అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75 అన్నా. 12 వారాల కోర్సులో బాగా వచ్చిన 8 అసైన్‌మెంట్లనే లెక్కిస్తారు. సర్టిఫికెట్‌కు 25లో 10, 75లో 30 రెండూ రావాలి. పరీక్ష సెంటర్‌కెళ్ళి రాయాలి, అక్కడ టెలిగ్రామ్ ఉండదు. టెలిగ్రామ్‌లో వచ్చేవన్నీ సరైనవేనని కూడా ఏం లేదు.

యాంకర్: మేడమ్, పుత్తూరు అబ్బాయి మెసేజ్ పెట్టాడు. "మీరు చెప్పినట్టు రాస్తా ఉంటే తప్పు నాకే కనపడింది. పైథాన్ లిస్టులో లెక్క 0 నుంచి మొదలు కాబట్టి ఐదు అంశాలంటే 0 నుంచి 4 దాకా, నేను 5కు పోయినాను. పోస్టు తీసేయాల్నా?"

మేడమ్: తీసేయొద్దు. కింద ఒక్క లైను: "లూప్ 0 నుంచి మొదలుపెట్టి 4తో ఆపితే సరిపోయింది." అంతే. ఇదే ఎర్రర్ ఇంకొకరికి వచ్చి వెతికితే వాళ్ళకు దొరుకుతుంది. టైటిల్ మార్చే వీలుంటే "అర్జెంట్" మాత్రం తీసేయమనండి.